ఆపద తరువాత ఇంట్లో కుటుంబ ప్రార్థనకు మళ్లీ కూర్చోవడం ఎలా

ఇంట్లో ఒక మనిషి హఠాత్తుగా పోయాక, భూస్థాపన ముగిసి, వాకిట్లో వేసిన టెంటు విప్పి, కుర్చీలు బండికెత్తించి, వచ్చిన బంధువులు ఒక్కొక్కరే బస్సెక్కి వెళ్లిపోయిన సాయంత్రం ఒకటి వస్తుంది. రోజూ ఎనిమిది గంటలకు చాప పరచి ప్రార్థనకు కూర్చునే అలవాటున్న ఇంట్లో, ఆ సాయంత్రం చాప పరచాలో వద్దో ఎవరికీ పాలుపోదు. పరిస్తే ఏం చదవాలో తెలియదు, పరచకపోతే ఇంకేదో కూడా పోయినట్టు ఉంటుంది. ఆ సాయంత్రాన్నీ, దాని తరువాతి ఏడాదినీ దృష్టిలో పెట్టుకొని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది పాలకొల్లుకు దిగువన ఒక కాలువ గట్టు ఊరు. 2013లో మా తమ్ముడు ఇరవై ఎనిమిదేళ్ల వయసులో రొయ్యల చెరువు దగ్గర కరెంటు తగిలి పోయాడు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటరు ఆగిపోయిందని రాత్రివేళ చూడడానికి వెళ్లి, తడిసిన గట్టు మీద తెగిపడి ఉన్న తీగపై కాలు వేశాడు. అప్పటి నుంచి మా సంఘంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇటువంటి ఆపద వచ్చిన ఇళ్లలో నేను చాలాసార్లు కూర్చున్నాను. కింద రాసేవన్నీ మా ఇంట్లో చేసిన తప్పుల నుంచీ, ఆ ఇళ్లలో చూసిన మంచి నుంచీ నేర్చుకున్నవి.

గోదావరి డెల్టాలో కుటుంబ ప్రార్థన కొత్తగా వచ్చిన వాడుక కాదు. 1836లో ఇంగ్లాండు నుంచి బయలుదేరి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు చేతిపనివారు. ఒకరు రాళ్లపని, మరొకరు చెప్పులు కుట్టే పని చేసి వచ్చినవారు. ఆ తరువాత రాజమండ్రి కేంద్రంగా లూథరన్ సంఘాలు పెరిగాయి. ఏ సంఘానికి చెందిన ఇల్లయినా, దీపాలు పెట్టాక ఒక పాట, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన అన్న వరుస తాతల కాలం నుంచి నడుస్తూనే ఉంది. ఆపద వచ్చిన రోజున మనల్ని మోసేది ఆ రోజు కొత్తగా తెచ్చుకున్న ధైర్యం కాదు, అంతకు ముందు వేల సాయంత్రాలు ఏ ప్రత్యేకతా లేకుండా కూర్చున్న అలవాటు. అందుకే ఆ అలవాటును మొదటి వారంలో తెగిపోనివ్వకుండా, అయితే బరువు కానివ్వకుండా చూసుకోవడమే ఇందులో అసలు పని.

మొదటి వారం

మొదట అన్నం, నిద్ర. ప్రవక్త ఏలీయా చావాలని కోరుకొని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడని రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది. పొయ్యి వెలగని ఇంటికి మీరు ఆదరణ కోసం వెళ్తున్నట్టయితే, బైబిలుతోపాటు క్యారియరులో అన్నం, చారు, మజ్జిగ తీసుకొని వెళ్లండి. పచ్చళ్లు, వేపుళ్లు దిగని గొంతుకు చారన్నం దిగుతుంది. ఇంట్లో పెద్దలకు రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు ఆ హడావుడిలో మరచిపోతారు గనుక, ఆ బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

ప్రార్థనను ఎప్పుడూ కూర్చునే వేళకే, ఎప్పుడూ కూర్చునే చోటే పెట్టుకోండి, కాని ఐదు నిమిషాలకు మించనివ్వకండి. పాట రాకపోతే పాట వద్దు. రోజూ నడిపించే మనిషికి గొంతు పెగలకపోతే ఇంకొకరు నడిపించవచ్చు. ఎవరికీ మాట రాకపోతే అందరూ కలిసి యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకొని లేవవచ్చు. ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకు రాసిన మాటను మనం పెళ్లిళ్లలోనూ పండగల్లోనూ చదువుతాం గాని, అది నిజంగా ఉపయోగపడేది ఇటువంటి రాత్రుల్లోనే.

మా ఇంట్లో కీర్తనలను వరుసగా, రాత్రికి ఒకటి చొప్పున చదివేవాళ్లం. తమ్ముడు పోవడానికి ముందు రాత్రి 120వ కీర్తన అయింది. అమ్మ తాను అల్లిన లేసు ముక్క ఒకటి గుర్తుగా పెట్టేది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల్లో లేసు సూది ఉండని ఇల్లు మా చిన్నప్పుడు అరుదు. తొమ్మిదో రోజు సాయంత్రం నాన్నగారు ఆ లేసు ముక్క ఉన్న చోట తెరిచి 121వ కీర్తన మొదలుపెట్టారు. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" వరకు గొంతు బాగానే ఉంది. మూడో వచనంలో "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు" అన్న చోట ఆగిపోయారు. గట్టు మీది తీగ అందరి కళ్ల ముందుకూ వచ్చింది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, తల వంచుకొని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నగారు చాలాసేపటికి, "ఈ మాట నేను చదవలేను" అన్నారు. అమ్మ లేచి, ఆయన చేతిలో నుంచి బైబిలు తీసుకొని, లేసు ముక్కను అదే పేజీలో పెట్టి మూసి, "ఇవాళ్టికి చాలండి, పరలోక ప్రార్థన చెప్పుకుందాం" అంది. చదవాల్సిందేనని ఆమె పట్టుబట్టి ఉంటే నాన్నగారు మళ్లీ ఆ చాప మీద కూర్చునేవారు కారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చదవలేని వాక్యాన్ని చదవలేనని దేవుని ఎదుటే ఒప్పుకోవడం అవిశ్వాసం కాదు. మీ ఇంట్లోనూ ఎవరైనా అలా ఆగిపోతే ఆ పేజీని అలాగే ఉంచి, వేరే చోట నుంచి చదవడం కొనసాగించండి.

అనకూడని మాటలు, అనదగినవి

ఆదరించడానికి వచ్చినవారి నోట వచ్చే కొన్ని మాటలు ఏళ్ల తరబడి ముల్లులా ఉండిపోతాయి. "దేవుడు మంచి పువ్వులనే కోసుకుంటాడమ్మా" అన్న మాట అందులో మొదటిది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది దేవుణ్ని పూలు దొంగిలించేవాడిగా చూపిస్తుంది. "ఏడవకండి, ఏడిస్తే పునరుత్థానం మీద నమ్మకం లేనట్టు" అనేది రెండవది. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధికి వెళ్తూ కన్నీళ్లు విడిచాడని యోహాను సువార్త పదకొండో అధ్యాయం చెబుతున్నప్పుడు, ఏమీ చేతిలో లేని మనం ఏడిస్తే విశ్వాసం ఎలా పోతుంది?

అన్నిటికంటే గాయపరిచేది మూడోది: "మందిరానికి రావడం తగ్గించారు కదా", "కానుక మొక్కుకొని తీర్చలేదేమో", "ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది". ఆపదకు పాపం లెక్క కట్టడం మనిషికి పాత జబ్బు. 1986 ఆగస్టులో గోదావరి వరద లంకలను ముంచెత్తినప్పుడూ, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలకూల్చి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసినప్పుడూ, 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి నిద్రలో ఉన్నవారిని కాల్చివేసినప్పుడూ, పోయినవారు బతికినవారికంటే పాపులని ఎవరైనా అనగలరా? ఈ ప్రశ్నను యేసు ముందే ఎత్తాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతిని ఆయనే ప్రస్తావించి, వారు యెరూషలేములోని తక్కినవారికంటే అపరాధులని మీరు తలుస్తున్నారా, కారు అని ఖండితంగా చెప్పాడు. లూకా సువార్త పదమూడో అధ్యాయం మొదటి ఐదు వచనాలను ఆదరణ కూడికకు వెళ్లే ప్రతి సంఘ పెద్దా బయలుదేరే ముందు ఒకసారి చదువుకోవాలని నా మనవి. యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో ఊరక కూర్చున్నంత వరకు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడ్డారు, చివరకు దేవుని కోపానికి గురైనదీ ఆ మాటలకే.

మరి ఏమనాలి? "నాకు మాట రావడం లేదు వదినా, ఇవాళ నీ దగ్గర కూర్చుంటాను" అంటే చాలు. పోయిన మనిషి పేరు ఎత్తడానికి భయపడకండి. పేరు ఎత్తితే ఏడుస్తారని అందరూ తప్పించుకు తిరిగే ఇంట్లో, ఆ మనిషి రెండోసారి పోయినట్టవుతుంది. మా తమ్ముడు చవితి నాటి వర్షంలో పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి నుంచి పనసకాయ మోసుకొచ్చిన సంగతి వాడి స్నేహితుడు చెప్పినప్పుడు, పది రోజుల తరువాత మా అమ్మ మొదటిసారి నవ్వింది.

ఏం చదవాలి

కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే అయినా, మన ఇళ్లలో 23వ కీర్తన దగ్గరే ఆగిపోతాం. మొదటి నెలల్లో 13వ కీర్తనతో మొదలుపెట్టమని చెబుతాను. అది ఆరే వచనాలు, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఆ తరువాత 42, ఆ తరువాత 22 చదవండి. సిలువ మీద యేసు పలికిన మాట 22లోదే గనుక దాని వెంట మత్తయి ఇరవై ఏడో అధ్యాయం చదవడం మంచిది. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, వెలుగు రాదు. ఇంట్లో ఎవరైనా "దేవుడితో మాట్లాడాలని లేదు" అంటే ఆ కీర్తనే వారికి చూపించండి. అటువంటి మనిషి ప్రార్థనకు కూడా ఆ గ్రంథంలో చోటు ఉంది.

బైబిలులోని గ్రాంథిక భాష పిల్లలకు అందదు. ఒక వచనం చదివి, దాన్నే ఇంటి మాటల్లో చెప్పండి. నాన్న "నిద్రపోయాడు" అని చిన్నపిల్లలకు చెప్పడం మన వాడుకలో ఉంది గాని, ఆ మాట విన్న నాలుగేళ్ల పిల్లలు రాత్రి పడుకోవడానికి జడుస్తారు. చనిపోయాడని, ఇక ఇంటికి రాడని, దేవుని దగ్గర ఉన్నాడని మనం నమ్ముతున్నామని సూటిగా చెప్పండి. ప్రార్థనలో వారి చేత అందమైన మాటలు పలికించే ప్రయత్నం చేయకండి. "నాన్నని ఎందుకు తీసుకెళ్లావు" అని బిడ్డ దేవుణ్ని అడిగితే ఆమేన్ అనండి, సరిదిద్దకండి.

ఇంటి పనులు, దూరంగా ఉన్నవారు

కాగితాల పని కూడా ప్రార్థన అంత అవసరమే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ప్రమాదమైతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదికల నకళ్లు తీసి ఉంచాలి. భర్తను పోగొట్టుకున్న ఆమెను ఊరి సచివాలయానికి ఒంటరిగా పంపకుండా, స్త్రీల సమాజం నుంచి ఒకరు తోడు వెళ్లాలి.

మన జిల్లాల్లో తల్లి గాని, అక్క గాని కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తున్న కుటుంబాలు ఎన్నో. భూస్థాపనను ఫోనులో చూసి మరునాడు పనిలోకి వెళ్లిన మనిషి దుఃఖాన్ని ఇంట్లోవాళ్లు తరచుగా మరచిపోతారు. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే కువైట్‌లో సాయంత్రం ఐదున్నర, ఆమెకు తీరిక దొరకని వేళ. అందుచేత వారానికి ఒక రోజైనా ప్రార్థనను రాత్రి పదిన్నరకు జరపండి. అదీ కుదరకపోతే ఆ రోజు చదివిన కీర్తనను, పిల్లల ప్రార్థనను వాయిస్ మెసేజ్‌గా పంపండి, ఆమె పడుకోబోయే ముందు వింటుంది.

నెలలు గడిచినా అన్నం సహించక, నిద్ర లేక, "నేనూ పోతే బాగుండు" అని ఎవరైనా అంటే, దాన్ని విశ్వాసం తగ్గడంగా చూసి ఉపవాస ప్రార్థనతో సరిపెట్టకండి. సంఘ కాపరి అయ్యగారిని పిలవండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మగవాళ్ల విషయంలో ఇంకొంచెం కనిపెట్టి ఉండండి. మా నాన్నగారు ఏడవలేదు గాని, ఆరు నెలలు చెరువు గట్టు వైపు నడవలేదు.

మొదటి క్రిస్మస్‌కు స్టారు కట్టాలా వద్దా అన్నది ఇంట్లో అందరినీ అడిగి తేల్చండి. మేము కట్టలేదు. మరుసటి ఏడు మరదలే నిచ్చెన తెచ్చింది. లేసు ముక్క 121వ కీర్తన దగ్గర పద్నాలుగు నెలలు అలాగే ఉంది. ఒక రాత్రి నాన్నగారు అడగకుండానే ఆ పేజీ తెరిచి, మొత్తం చదివి, "మూడో వచనం నాకు ఇంకా అర్థం కాలేదు" అన్నారు. మరుసటి రాత్రి 122 తీశారు.

సమాధుల తోటకు వెళ్లే రోజు ఊరి వాడుకను బట్టి నవంబరు 2 కావచ్చు, ఈస్టరు తెల్లవారుజాము కావచ్చు. ముందు రోజే వెళ్లి గడ్డి పీకి, సున్నం వేసి రండి. పిల్లలను కూడా తీసుకెళ్లి నీళ్లు పోయించండి. నవంబరులో మన దగ్గర గాలివాన పట్టి ఉంటుంది, కొవ్వొత్తులు నిలవవు. మూత తీసి, అడుగు కోసిన ప్లాస్టిక్ సీసాలు నాలుగు సంచిలో పెట్టుకొని వెళ్లి, వెలిగించిన వెంటనే కోసిన వైపు కిందికి వచ్చేలా కొవ్వొత్తుల మీద నిలబెట్టండి.