సెల్ఫ్ నొక్కితే టిక్‌మని ఆగిపోతుంటే: నా అనుభవం

పాత బండ్లు కొని, బాగుచేసి అమ్మడం నాకు ఇష్టమైన వ్యాపకం. వైజాగ్‌లో బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే బండ్లలో ఈ జబ్బు తరచూ చూస్తున్నాను. సెల్ఫ్ నొక్కితే టిక్‌మని ఆగుతుంది, హెడ్‌లైట్ డల్ అవుతుంది. కిక్ కొడితే మాత్రం వెంటనే స్టార్ట్.

అలాంటి ఒక బండికి కొత్త బ్యాటరీ, కొత్త రిలే, మోటార్ కార్బన్ బ్రష్‌లు వేసి చూశాను: ఏవీ పనిచేయలేదు.

దారి చూపింది మల్టీమీటర్, అంటే వోల్టేజీ కొలిచే మీటర్. బండి న్యూట్రల్‌లో ఉంచి, మీటర్‌ని 20 వోల్టుల డీసీకి తిప్పాను. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రది ఇంజిన్ మీద రంగు లేని చోట ఆనించి, తమ్ముడి చేత సెల్ఫ్ నొక్కించాను. అర వోల్టు లోపు ఉండాల్సింది ఒకటిన్నర దాటింది. అంటే అడ్డు ఎర్త్ దారిలోనే, కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారిలో.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. ఇంజిన్ దగ్గర ఎర్త్ బోల్టు విప్పితే, పైకి శుభ్రంగా ఉన్న లగ్గు (వైరు చివరి లోహపు రింగు) కింద పచ్చటి చిలుము, అంచుల్లో తెల్లటి పొడి! ఉప్పుగాలి చేసే పనే ఇది. లగ్గు రెండు వైపులా, అది కూర్చునే చోటా ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దాను. వైరు లోపలి రాగి నల్లబడి ఉంటే వైరే మార్చాలి. నాది బాగానే ఉంది. కొత్త స్టార్ వాషర్ వేసి, గట్టిగా బిగించాకే పైన గ్రీజు పూశాను. మళ్లీ కొలిస్తే 0.2. సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంది.

అన్ని బండ్లకీ ఇదే మందని చెప్పలేను. మీ మీటర్ తక్కువే చూపితే ఎర్త్ వదిలేసి, పాజిటివ్ వైపు బ్యాటరీ నుంచి మోటార్ దాకా ఇలాగే కొలవండి. నేనైతే ఇప్పుడు బండి కొనేముందే ఈ కొలత చూస్తున్నాను, బేరానికీ పనికొస్తోంది.