ఉచిత ఈ-పుస్తకం ఫోన్‌లో చదవడం కష్టంగా ఉందా? సమస్య - పరిష్కారం

కోనసీమలో మాది లంక ఊరు. పాత తెలుగు పుస్తకాలు ఉచితంగా దింపి పెదనాన్న ఫోన్‌లో వేస్తుంటాను. ఒకరోజు అరుగు మీద కూర్చుని, బొటనవేలితో పేజీని అటు జరిపి సగం వాక్యం, ఇటు జరిపి మిగతా సగం చదువుతూ కనిపించారు. "కళ్లజోడు మార్చాలేమోరా అబ్బాయ్" అన్నారు. మార్చాల్సింది ఫైలు.

సమస్య: అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతోంది

కారణం: అది పీడీఎఫ్. కాగితం కొలతకి బిగించిన పేజీ. తెర చిన్నదైనా వరస విరగదు.

పరిష్కారం: ఈపబ్ (EPUB) అనే ఈ-పుస్తక ఫైలు తీసుకోండి. అందులో అక్షరం ఎంత పెంచినా వరసలు తెరకి తగ్గట్టు సర్దుకుంటాయి. ఉచిత పుస్తకాల సైటు తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పుస్తకాన్ని అక్కడే ఈపబ్‌గా దింపుకోవచ్చు. చదవడానికి రీడ్‌ఎరా లాంటి ఉచిత యాప్ చాలు. అమెజాన్ ఈ-పుస్తకాల పరికరం కిండిల్ ఉన్నవాళ్లు దాని పాత ఫైలు రకం మోబీలోకి మార్చే పని పెట్టుకోవద్దు, కిండిల్‌కి ఫైలు పంపే 'సెండ్ టు కిండిల్' 2022 నుంచి ఈపబ్‌నే తీసుకుంటోంది. పెదనాన్న ఇప్పుడు వరసకి నాలుగు మాటలు పట్టేంత అక్షరం పెట్టుకుని హాయిగా చదువుతున్నారు.

సమస్య: పీడీఎఫ్‌ని ఈపబ్‌గా మారిస్తే తెలుగు పోయి పిచ్చి గీతలు వస్తున్నాయి

కారణం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు కొట్టారు. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల, ఒత్తుల ముక్కలు కూర్చినవి. ఆ ఫాంట్ ఉన్నంతవరకే తెలుగు. పీడీఎఫ్‌లో ఒక మాట కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. ఒత్తులు కాస్త చెదిరినా తెలుగే వస్తే యూనికోడ్, గజిబిజి వస్తే పాత ఫాంట్.

పరిష్కారం: పీడీఎఫ్‌తో కుస్తీ పట్టకండి. పుస్తకం వేసినవాళ్లని అడిగి అసలు పేజ్‌మేకర్ ఫైలు తెచ్చుకోండి. అందులోని పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులూ అరసున్నలూ ఒక్కొక్కటే సరిచూడండి. తర్వాత కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈపబ్ చేయడం నిమిషం పని.

సమస్య: ఒక మాటని వేలితో పట్టుకుని కాపీ చేద్దామంటే పేజీ మొత్తం బొమ్మలా ఉంది

స్కాన్ పుస్తకం అది. ఫైలుని గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు వస్తాయి. పెద్ద పుస్తకమైతే కొన్ని పేజీల చొప్పున ఎక్కించండి. ప-వ, ధ-థ తారుమారవుతాయి, కాబట్టి మనిషి కూర్చుని దిద్దాల్సిందే. కాపీరైటు కూడా చూసుకోండి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. రాజమండ్రి కందుకూరి వీరేశలింగంగారు 1919లోనే పోయారు కాబట్టి ఆయన రచనలకి ఆ ఇబ్బంది లేదు.

సమస్య: ఫైలు దిగదు

వరద రోజుల్లో లంకల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే. స్కాన్ పీడీఎఫ్ పదుల ఎంబీలు ఉంటుంది. బొమ్మలు లేని 200 పేజీల ఈపబ్ సాధారణంగా ఒక ఎంబీ కూడా ఉండదు, ఎందుకంటే అది లోపల జిప్ చేసిన పాఠమే. పంటు మీద రేవు దాటేలోపు వాట్సాప్‌లో దిగిపోతుంది.

ఒత్తుల చోట డబ్బాలు కనిపిస్తే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ సరిగా లేనట్టు. ఈపబ్ చేసేటప్పుడే మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్ అందులో పొదగండి. పుస్తకాన్ని నెట్‌లో పదిమందికీ పెట్టేటప్పుడు అచ్చు వేయించుకునేవాళ్ల కోసం పీడీఎఫ్ కూడా పెట్టండి, కానీ ఈపబ్ లింకు పైన ఉండాలి.