హార్మోన్ లూప్ వేయించుకునే ముందు జాగ్రత్తలు

కారణం తెలియని రక్తస్రావం ఉంటే, దాని సంగతి పరీక్షలతో తేలేవరకు లూప్ (గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే, హార్మోన్ విడుదల చేసే చిన్న సాధనం) వేయించుకోకూడదు. గర్భం, కటి భాగంలో ఇన్‌ఫెక్షన్ లేవని నిర్ధారించుకోవాలి. గతంలో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉండే మిరెనా వంటి లూప్ గర్భాశయ లోపలి పొరను పలుచబరుస్తుంది కనుక నెలసరి రక్తస్రావం క్రమంగా తగ్గుతుంది. అయితే మొదటి 3 నుంచి 6 నెలల వరకు లోదుస్తులపై గోధుమరంగు మరకలు వేళాపాళా లేకుండా, ఒక్కోసారి రోజుల తరబడి కనిపించవచ్చు. ఈ ఒక్క మాట ముందుగా తెలియకనే కొందరు భయపడి తీయించేసుకోవడం నిజంగా బాధాకరం.

ఏడాది గడిచేసరికి సుమారు ఐదుగురిలో ఒకరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. పొరే పెరగనప్పుడు చెడు రక్తం లోపల నిలిచిపోతుందన్న భయం అక్కర్లేదు.

గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా వెంటనే ఎవరిని సంప్రదించాలో వేయించుకునే రోజే అడిగి రాసుకోవాలి.