టూరింగ్ బైక్ అదురుతోందా? ముందు ఎక్కణ్ణుంచో తేల్చుకోండి

రెండొందల కిలోమీటర్లు నడిపేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే చాలామంది ముందుగా మెత్తటి గ్రిప్పులు కొంటారు. చేతికి కాస్త హాయిగానే ఉంటుంది. కానీ అదురు పుట్టే చోట ఏమీ మారదు. అక్కడ బోల్టు వదులైతే అది ఇంకా వదులవుతూనే ఉంటుంది, చైన్ సాగుతుంటే ఇంకా సాగుతూనే ఉంటుంది.

అందుకే మొదటి ప్రశ్న ఇది: ఈ వైబ్రేషన్ బండి కొన్నప్పటినుంచీ ఉందా, ఈ మధ్య మొదలైందా? మొదటినుంచీ ఉన్నదైతే అది ఇంజిన్ స్వభావం. సింగిల్ సిలిండర్ బండిలో పిస్టన్ పైకీ కిందకీ పోయే ఊపును బ్యాలన్సర్ షాఫ్ట్ (ఎదురు బరువుతో తిరిగే ఇరుసు) కొంతవరకే రద్దు చేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఆ ఊపు పోయినా, క్రాంక్ (పిస్టన్ ఊపుకు తిరిగే ఇరుసు) ఒక్క చుట్టుకు రెండుసార్లు వచ్చే సన్నటి జివ్వుమనే అదురు మిగులుతుంది. దాన్ని తగ్గించగలం తప్ప పోగొట్టలేం. ఈ మధ్య మొదలైందంటే మాత్రం ఏదో అరిగింది, వదులైంది, లేదా సెట్టింగ్ తప్పింది.

రోడ్డు మీద పది నిమిషాల పరీక్ష

ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు చూసుకోండి. టాప్ గేర్‌లో అదురు బాగా తెలిసే వేగం, ఉదాహరణకు 80, పట్టుకోండి. వేగం మార్చకుండా ఒక గేరు తగ్గించండి. అదురు తీరు మారిందంటే అది ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి వస్తోంది. ఏమీ మారకపోతే చక్రాల వేగాన్ని బట్టి వస్తోంది. ఇప్పుడు క్లచ్ పట్టి బండిని దొర్లనివ్వండి. ఇంజిన్ ఐడిల్‌కి పడ్డాక కూడా అదురు పోలేదంటే టైరు, రిమ్ము, వీల్ బేరింగ్, బ్రేక్ డిస్క్ చూడాలి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు గరగరమని, క్లచ్ పట్టగానే తగ్గిపోతే చైన్, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు), హబ్ రబ్బర్లు (వెనక చక్రంలో గుంజును మింగే రబ్బరు ముక్కలు).

చేతికి తెలిసే తేడా కూడా ఉంది. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. ఇంజిన్ 5,000 ఆర్‌పీఎమ్‌లో సెకనుకు 83 సార్లు తిరుగుతుంది. చక్రం నుంచి వచ్చేది లెక్కపెట్టగలమేమో అనిపించే దడ. హ్యాండిల్, సీటు ఊగినట్టుంటాయి. ఇంజిన్‌ది మిర్రర్‌లో బొమ్మను మసకబార్చి, వేళ్లలో చీమలు పాకినట్టు చేసే సన్నటి అదురు.

చైన్: సగం గొడవ ఇక్కడే

చైన్‌ను ఒక్కచోట కొలిచి వదిలేయడం అందరూ చేసే తప్పు. చైన్ అంతటా ఒకేలా సాగదు. కొన్ని లింకుల్లో లోపలి గ్రీజు ఆరిపోయి, పిన్ను అరిగి, అక్కడే పొడవు పెరుగుతుంది. కొన్ని లింకులు బిగుసుకుపోతాయి. ఆ భాగం స్ప్రాకెట్ మీదికి వచ్చినప్పుడల్లా బండి ఒకసారి గుంజినట్టవుతుంది.

బండిని సెంటర్ స్టాండ్ మీద గానీ ప్యాడక్ స్టాండ్ మీద గానీ నిలిపి, న్యూట్రల్‌లో పెట్టండి. లూజును సైడ్ స్టాండ్ మీద కొలవాలా, చక్రం పైకెత్తి కొలవాలా అన్నది మాన్యువల్ చెబుతుంది. రెండింటికీ అంకె వేరే వస్తుంది. కింది చైన్ మధ్యభాగంలో స్కేలు పట్టుకుని, వేలితో పైకి నెట్టి, కిందికి లాగి, మొత్తం ఎంత కదిలిందో చూడండి. చక్రాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఇలా చైన్ మొత్తం ఒక రౌండు పూర్తయ్యేదాకా కొలవండి. రోడ్డు బైకుల్లో 25 నుంచి 35 మి.మీ. మామూలు. సస్పెన్షన్ ఎక్కువ దూరం కదిలే అడ్వెంచర్ బైకుల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. సరైన అంకె స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద స్టిక్కర్‌లో ఉంటుంది. సెట్టింగ్ ఎప్పుడూ బాగా బిగువుగా ఉన్న చోటే చేయాలి. బిగువు చోటికీ లూజు చోటికీ తేడా 10 మి.మీ. దాటితే ఆ చైన్‌తో టూర్‌కి బయల్దేరకపోవడమే మంచిది.

లూజు కన్నా బిగువు ప్రమాదం. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ పివట్, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్‌కి అన్నిటికన్నా ఎక్కువ పొడవు కావాలి. వెనక మనిషి, రెండు పెట్టెలు ఉంటే బండి కిందికి దిగి సరిగ్గా ఆ స్థితికే వస్తుంది. స్టాండ్ మీద 'భేష్' అనిపించిన బిగువు, లోడు పడ్డాక గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌ను నలిపేస్తుంది.

సెట్ చేసేటప్పుడు యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లను ఒకేలా, పావు చుట్టు చొప్పున తిప్పండి. స్వింగార్మ్ మీది గీతలు రెండు వైపులా సరిపోయాయో లేదో చూడండి. నట్టు బిగించే ముందు, కింది చైన్ వెనక స్ప్రాకెట్‌ని అందుకునే చోట ఒక గుడ్డ మడత పెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి, చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. గుడ్డ చిక్కి యాక్సిల్‌ను ముందుకు లాగి అడ్జస్టర్లకు ఆనిస్తుంది. అలా ఆనించి ఉంచే నట్టును టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించి, గుడ్డ తీసేసి, మళ్లీ కొలవండి. ఈ చిన్న పని చేయకపోతే నట్టు బిగిస్తున్నప్పుడు చక్రం కాస్త జరిగి కొలత మారిపోతుంది.

శుభ్రానికి కిరోసిన్, మెత్తటి బ్రష్ చాలు. పెట్రోలు, వైర్ బ్రష్ వాడితే ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు పాడై లోపలి గ్రీజు పోతుంది. 500 నుంచి 800 కిలోమీటర్లకోసారి, వాన పడితే అదే రోజు, బండి నడిపి వచ్చి చైన్ వెచ్చగా ఉన్నప్పుడు లూబ్ కొట్టండి. కింది చైన్ లోపలి వైపు కొడితే తిరిగేటప్పుడు అదే బయటికి పాకుతుంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గేరు వేసి చైన్ తుడవడం మాత్రం వద్దు. గుడ్డను లాక్కున్న స్ప్రాకెట్ వేలిని వదలదు.

వెనక స్ప్రాకెట్ మధ్యన చైన్‌ను వెనక్కి లాగి చూడండి. పన్ను సగం బయటపడితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైన్ ఎక్కువ కాలం నిలవదు. అదే విప్పినప్పుడు హబ్ రబ్బర్లు కూడా చూడండి. స్ప్రాకెట్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ ఆడిస్తే కటకటమని ఖాళీ తెలుస్తోందంటే రబ్బర్లు పోయినట్టే.

ఇంజిన్ అదురు సరిగ్గా మీరు రోజంతా నడిపే వేగంలోనే వస్తుంటే ఒక ఉపాయం ఉంది. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను ఎక్కువ. 16 పళ్ల చోట 17 వేస్తే అదే వేగానికి 5,000 ఆర్‌పీఎమ్ సుమారు 4,700 అవుతుంది. ఆ కాస్త తేడాకే జివ్వుమనే చోటు తప్పిపోవచ్చు. బదులుగా ఘాట్‌లో లోడుతో గేర్లు ఎక్కువ మార్చాలి. స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉంటే మీటరు తక్కువ చూపిస్తుంది.

ఇంజిన్ బోల్టులు, సైలెన్సర్

ఇంజిన్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే బోల్టుల్లో ఒక్కటి వదులైనా ఫ్రేమ్ మోగుతుంది. వదులైనదాన్ని మాత్రమే బిగిస్తే ఫ్రేమ్ మీద అనవసరపు బలం అలాగే ఉండిపోతుంది. ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో బరువు మాత్రం ఆనించండి, ఎత్తకండి. చెక్క ఆయిల్ ఫిల్టర్ మీదా, సైలెన్సర్ పైపు మీదా పడకూడదు. ఇంజిన్ బోల్టులన్నీ, సైలెన్సర్ క్లాంపు బోల్టు కూడా వదులు చేసి (ఊడదీయకుండా), ఇంజిన్ తన చోట కుదురుకున్నాక మాన్యువల్‌లో ఇచ్చిన వరసలో, ఇచ్చిన టార్క్‌తో బిగించండి. కొన్ని బైకుల్లో ఫ్రేమ్‌కీ ఇంజిన్‌కీ మధ్య సందును పూడ్చే మరలున్న కాలర్లు ఉంటాయి. వాటికి ప్రత్యేకమైన పానా కావాలి. అది లేకుండా మొదలుపెట్టకండి.

రబ్బర్ బుష్ ఉన్న చోట 'ఇంకాస్త గట్టిగా' అంటే చెడగొట్టడమే. లోపలి స్లీవ్‌కి బోల్టు ఆనాలి, రబ్బర్ మాత్రం కదలాలి. రాయిలా గట్టిపడిన రబ్బర్‌ను మార్చడమే దారి.

సైలెన్సర్‌ను ఎప్పుడూ ఇంజిన్ హెడ్ దగ్గర నట్లతో మొదలుపెట్టి వెనక్కి బిగిస్తూ రావాలి. ముందు వెనక క్లాంపు బిగించేసి, తర్వాత పైపును లాగి హెడ్‌కి కలిపితే, ఆ బిగువు ఇంజిన్ అదురును నేరుగా ఫ్రేమ్‌కు చేరుస్తుంది. బ్రాకెట్లు చీలేది కూడా ఇలాగే.

ఒకటి కన్నా ఎక్కువ సిలిండర్లున్న బండి ఐడిల్‌లో, తక్కువ వేగంలో దడదడమంటుంటే థ్రాటిల్ బాడీ సింక్ (అన్ని సిలిండర్లకూ గాలి సమానంగా అందేలా సరిచేయడం) చేయించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, వాక్యూమ్ గేజ్‌లు తగిలించి, అన్ని సిలిండర్ల రీడింగ్ సమానం చేస్తారు. రంగు ముద్ర వేసిన స్క్రూ కంపెనీ కొలత, దాన్ని తిప్పకూడదు. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వ్ దగ్గరి సందు సరిచేయడం) మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, ఫీలర్ గేజ్‌తో. ట్యాపెట్ చప్పుడు చేస్తోందంటే భయపడతారు గానీ, చప్పుడు లేకుండా బిగిసిన ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా చెడ్డది. అది పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. సింక్ కన్నా ముందు ట్యాపెట్లు చూడాలి. వరస తిరగేస్తే రెండోసారి చేయాల్సివస్తుంది.

చక్రాలు

గాలి చల్లని టైరులో చూడాలి. నాలుగు కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే అంకె పెరిగే ఉంటుంది. పెద్ద టూరింగ్ బైకుల్లో ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ తరచుగా కనిపించే అంకెలు. మీ బండిది స్టిక్కర్ చెబుతుంది. గాలి తక్కువతో చాలా దూరం నడిపితే ముందు టైరు గుంటలుగుంటలుగా అరుగుతుంది. అరిచేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగులుతుంది. అలా అరిగాక గాలి సరిచేసినా దడ పోదు. టైరు పక్కన నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3523 అంటే 2023లో 35వ వారం.

బ్యాలన్సింగ్ ఇంట్లోనూ కుదురుతుంది. చక్రాన్ని ఊడదీసి, యాక్సిల్‌ను రెండు సమానమైన ఆధారాల మీద పెట్టి మెల్లగా తిప్పి వదలండి. ఆగినప్పుడు కింద ఉన్నదే బరువైన చోటు. దానికి సరిగ్గా ఎదురుగా, పైన, 5 గ్రాముల తూకం అంటించి, మళ్లీ వదలండి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా ఇలా చేయండి. చక్రం బయట ఉన్నప్పుడే బేరింగ్ లోపలి వలయాన్ని వేలితో తిప్పండి. గరుకు తగిలితే మార్చేయాల్సిందే.

60–80 మధ్య యాక్సిలరేటర్ వదిలినప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ ఊగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) చూడండి. ముందు చక్రం పైకెత్తి, ఫోర్క్ కింది భాగాన్ని ముందుకూ వెనక్కూ లాగండి. టక్కుమంటే వదులైంది. హ్యాండిల్ తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే బిగించి లాభం లేదు, మార్చాలి. బ్రేక్ పట్టినప్పుడు మాత్రమే అదిరితే డిస్క్.

హ్యాండిల్ దగ్గర చివరి పని

ఇవన్నీ అయ్యాకే హ్యాండిల్ చివర్లకు తగిలించే తూకాల మాట. బరువు పెంచితే హ్యాండిల్ సొంతంగా మోగే వేగం కిందికి జరుగుతుంది. అంటే అదురు మాయం కాదు, మీరు ఎక్కువగా నడపని వేగానికి పోతుంది. అందుకే ఒక బండికి పనిచేసిన తూకం ఇంకో బండికి చెడగొట్టవచ్చు. పట్టు వదులుగా ఉంచడం కూడా ముఖ్యం. గట్టిగా పిసికినకొద్దీ అదురు చేతిలోకి ఎక్కువగా ఎక్కుతుంది. ఫోన్ హ్యాండిల్‌కి తగిలిస్తే డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి. బైకు ఇంజిన్ల అదురు ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్‌ను పాడుచేయవచ్చని యాపిల్ 2021లో తానే హెచ్చరించింది.

మిగతా సర్వీసింగ్

ఇంజిన్ ఆయిల్ జాసో (జపాన్ ప్రమాణం) ఎమ్ఏ లేదా ఎమ్ఏ2 గుర్తున్నదే పోయండి. ఇంధనం ఆదా అని రాసి ఉండే కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. డ్రెయిన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్, ఫిల్టర్ రబ్బర్‌కు కాస్త ఆయిల్ రాసి చేత్తో ఎక్కించడం. లెవెల్ చూసేది బండి నిటారుగా నిలబెట్టి, ఇంజిన్ ఆపిన రెండు మూడు నిమిషాలకు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం కొత్తదానికి కనీసం 230 డిగ్రీల మరుగు, తేమ ఎక్కినదానికి 155 మాత్రమే అడుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు లివర్ మెత్తబడేది దీనివల్లే. రెండేళ్లకోసారి మార్చండి, ట్యాంకు పెయింటు మీద చుక్క పడకుండా. ప్యాడ్ 2 మి.మీ.కి వస్తే టూర్ ముందే మార్చండి. బ్యాటరీ టెర్మినల్ స్క్రూలు కూడా అదురుకి వదులవుతాయి. బండి ఉన్నట్టుండి స్టార్ట్ కాకపోతే ముందు అక్కడే చూడండి.

ఇంజిన్ బోల్టులు, క్యాలిపర్ బోల్టులు, పెట్టెల ఫ్రేమ్ బోల్టులు టార్క్‌తో బిగించాక, తల మీంచి పక్కనున్న లోహం మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్నటి గీత గీయండి. టూర్‌లో రోజూ పొద్దున్న బండి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. గీత ఎక్కడైనా విరిగి కనిపిస్తే ఆ బోల్టు తిరిగినట్టే. అక్కడికక్కడ పానాతో బిగించడం తాత్కాలికం. బస చేరాక అలాంటి బోల్టులను ఒక్కొక్కటిగా ఊడదీసి, మరలు ఆయిల్ లేకుండా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒకటి రెండు చుక్కలు వేసి, టార్క్‌కి బిగించి, పాత గీత చెరిపేసి కొత్తది గీయండి.