ఏ బాక్సర్‌కి ఏ దేశంలో ఎంత గిరాకీ ఉందో లెక్క కట్టడం ఎలా

బాక్సింగ్ ఫ్యాన్స్ మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది, మావాడు పెద్ద డ్రా అంటే కాదు మావాడే పెద్ద డ్రా అని. డ్రా అంటే ఇక్కడ సమానంగా ముగిసిన ఫైట్ కాదు, జనాన్నీ డబ్బునీ రప్పించే బాక్సర్. ఒకడు నిండిపోయిన స్టేడియం ఫొటో పెడతాడు, ఇంకొకడు పే పర్ వ్యూ (పీపీవీ, అంటే ఒక్క ఫైట్‌ని టీవీలో చూడటానికి విడిగా డబ్బు కట్టడం) నంబర్ పెడతాడు, మూడోవాడొచ్చి మావాడి పర్స్, అదే ఫైట్‌కి బాక్సర్‌కిచ్చే డబ్బు, ఎంతో తెలుసా అంటాడు. ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులు మాట్లాడుతుంటే ఇంకెక్కడ తేలుతుంది చెప్పండి. నిజానికి ఇది లెక్క కట్టగలిగిందే, కాకపోతే దేశానికో కొలత ఉంటది, ఒక దేశం కొలత తీసుకెళ్లి ఇంకో దేశం బాక్సర్ మీద పెడితే లెక్క తప్పుతుంది, అంతే.

ముందు ఒకటి ఒప్పుకోవాలి, గొప్ప బాక్సర్ అవ్వడం వేరు, టికెట్లు తెగడం వేరు. అమెరికా బాక్సర్ టెరెన్స్ క్రాఫర్డ్‌ని చూడండి. 2014 జూన్‌లో గాంబోవాతో సొంతూరు ఒమాహాలో ఫైట్ పెడితే దాదాపు 11 వేల మంది వచ్చారు, అదే మనిషి 2016 జులైలో లాస్ వేగాస్‌లో పోస్టోల్‌తో రెండు బెల్టుల ఫైట్ చేస్తే పీపీవీ అమ్మకాలు లక్ష కూడా దాటలేదు. టాలెంట్‌లో మార్పేం లేదు కదా. ఇంకో ఊళ్ళో, ఇంకో రకం డబ్బు కట్టి ఆయన్ని చూసేవాళ్ళు అప్పటికి లేరు, అంతే తేడా.

కాబట్టి మొదటి పని, మీరు చూసే నంబర్ దేనిదో తెలుసుకోండి. గేట్ అంటే టికెట్ల కలెక్షన్. అన్నిట్లోకీ నమ్మదగ్గది ఇదే, ఎందుకంటే నెవాడా లాంటి చోట్ల స్టేట్ అథ్లెటిక్ కమిషన్‌కి ప్రమోటర్, అంటే ఫైట్ ఏర్పాటు చేసేవాడు, లెక్క చూపించాలి, అమ్మినవి ఎన్ని, ఫ్రీ పాసులు ఎన్ని, మొత్తం ఎంత వచ్చిందీ అని. ఆ ఫ్రీ పాసుల కాలమ్ మాత్రం వదలొద్దు, హాల్ నిండిందని పోస్టర్ వేసుకున్న ఫైట్లలో ఊరికే పంచిన టికెట్లు ఎన్నో అక్కడే బయటపడుతుంది.

గేట్‌లో కూడా తలలు లెక్కపెట్టడం ఒకటి, డబ్బు లెక్కపెట్టడం ఇంకొకటి. 2015 మే 2న అమెరికా బాక్సర్ మేవెదర్, ఫిలిప్పీన్స్ బాక్సర్ పకియావో ఫైట్‌కి లాస్ వేగాస్ ఎంజీఎం గ్రాండ్‌లో ఉన్నది 16 వేల చిల్లర జనం, గేట్ మాత్రం 7.2 కోట్ల డాలర్లు, అంటే సగటున మనిషికి 4 వేల డాలర్ల పైనే. అటు చూస్తే 1993లో మెక్సికో సిటీ అజ్టెకా స్టేడియంలో హూలియో సీజర్ చావెజ్, గ్రెగ్ హాగెన్ ఫైట్‌కి లక్షా ముప్పై వేల పైగా జనం, కానీ టికెట్లు చాలా చవక. ఇందులో ఎవరు పెద్ద అని అడిగితే నా దృష్టిలో ఆ ప్రశ్నే తప్పు. చావెజ్ ఒక దేశం మొత్తాన్ని కదిలించాడు, మేవెదర్ డబ్బున్నోళ్ళ చేత జేబులు ఖాళీ చేయించాడు, రెండూ సత్తానే. మీకు కావాల్సింది జనమా డబ్బా ముందే అనుకుని ఆ కాలమ్ మాత్రమే చూడండి.

ఇక పీపీవీ. ఇది ప్రధానంగా అమెరికా కొలత, తర్వాత బ్రిటన్. ఆ మేవెదర్ పకియావో ఫైటే అమెరికాలో 46 లక్షల అమ్మకాలతో రికార్డు, హెచ్‌డీలో కావాలంటే దాదాపు 100 డాలర్లు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ నంబర్లకి గేట్‌కి ఉన్నట్టు ప్రభుత్వ లెక్కేం ఉండదు, ప్రమోటరో ఛానలో చెప్పిందే నంబర్. బాగా పోతే మర్నాడే ప్రెస్ నోట్, పోకపోతే నోరు విప్పరు, కాబట్టి నంబర్ బయటికి రాలేదంటే అది కూడా ఒక సమాచారమే అనుకోండి. రెండు, అమ్మకాలని ధరతో గుణించి అదంతా బాక్సర్ తెచ్చిన డబ్బు అనుకోవద్దు, సుమారు సగం కేబుల్, శాటిలైట్ కంపెనీలకే పోతుంది.

గేటూ పీపీవీ రెండూ ఒకేలా పోతాయని కూడా లేదు. 2015 అక్టోబర్‌లో గొలోవ్కిన్, లెమ్యూ ఫైట్‌కి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 20 వేల పైగా జనం, హౌస్‌ఫుల్. పీపీవీ మాత్రం లక్షన్నర దగ్గరే ఆగిందని వార్తలొచ్చాయి. అంటే ఇల్లు వదిలి వచ్చి చూసే పిచ్చి అభిమానులున్నారు గానీ ఇంట్లో కూర్చుని డబ్బు కట్టే మామూలు ప్రేక్షకుడింకా రాలేదన్నమాట. ఇలాంటి తేడా కనబడితే ఆ బాక్సర్ ఆ దేశంలో ఎదుగుతున్న దశలో ఉన్నాడని నేను రాసుకుంటా. రెండేళ్ళ తర్వాత అదే గొలోవ్కిన్ మెక్సికో స్టార్ కనేలోతో తలపడితే 13 లక్షల పీపీవీలు తెగాయి, అందులో కనేలో వాటా ఎంతన్నది వేరే లెక్క, అది కిందకొస్తుంది.

అసలు ఫైట్లు విడిగా డబ్బు కట్టకుండా మామూలు ఛానల్‌లోనే వచ్చే ఫ్రీ టీవీ దేశాల దగ్గరే మనవాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తారు. వ్లాదిమిర్ క్లిచ్కో అమెరికాలో ఫ్లాప్ కదా, అతనేం డ్రా అంటారు. నిజమే, 2008 ఫిబ్రవరి తర్వాత మళ్ళీ 2015 ఏప్రిల్ దాకా ఆయన అమెరికాలో ఫైటే చేయలేదు. కానీ ఆయన మార్కెట్ జర్మనీ. ఆయన ఉక్రెయిన్ బాక్సరన్న సంగతి అలా ఉంచండి, 2011లో హాంబర్గ్‌లో డేవిడ్ హేతో ఫైట్‌ని ఆర్‌టీఎల్ ఛానల్‌లో కోటిన్నర మంది చూశారు, 2009లో గెల్సెన్‌కిర్షెన్ ఫుట్‌బాల్ స్టేడియంలో చగాయెవ్‌తో ఫైట్‌కి 60 వేల మంది వచ్చారు. అక్కడ డబ్బంతా ఛానల్, యాడ్లు, స్పాన్సర్ల నుంచి వచ్చేది, అలాంటోడికి పీపీవీ ఏదీ అని అడిగితే ఏం చెప్తాం.

జపాన్ కూడా చాలాకాలం ఇలాగే ఉండేది, అక్కడ కొలత టీవీ రేటింగ్. 1966లో ఫైటింగ్ హరాడా, ఎడర్ జోఫ్రే రెండో ఫైట్‌కి 60 శాతం దాటింది, 2006లో కామెడా కోకి టైటిల్ ఫైట్‌కి 40 శాతం దాటింది. ఇప్పుడు నవోయా ఇనోవే ఫైట్లు ప్రైమ్ వీడియో, లెమినో లాంటి స్ట్రీమింగ్‌లకి పోయాయి కాబట్టి ఆ రేటింగ్‌తో పోల్చడానికి లేదు, స్టేడియమే దిక్కు. 2024 మేలో నేరీతో ఫైట్ టోక్యో డోమ్‌లో జరిగితే 40 వేల పైగా జనం, 1990లో టైసన్ డగ్లస్ చేతిలో ఓడిన రోజు తర్వాత ఆ డోమ్‌లో బాక్సింగ్ జరగడం అదే మొదటిసారి. సరిగ్గా ఏడాదికి లాస్ వేగాస్‌లో కార్డెనాస్‌తో ఫైట్‌కి 8 వేల పైచిలుకు. ఒకే బాక్సర్, ఏడాది తేడా, జనం అయిదో వంతు. ఇనోవే డ్రానా కాదా అనే ప్రశ్నకి ఏ దేశంలో అని తిరిగి అడగాల్సింది అందుకే.

ఫిలిప్పీన్స్ ఇంకో రకం. పకియావో ఫైట్ రోజు రోడ్లు ఖాళీ, హాళ్ళు కిటకిట, కాకపోతే ఆ అభిమానం నుంచి నేరుగా వచ్చే డబ్బు తక్కువ, ఆయన పెద్ద సంపాదన అమెరికా పీపీవీ నుంచే. పాపులారిటీ ఒక దేశంలో, బిల్లు కట్టేది ఇంకో దేశంలో. ఇలాంటి కేసుల్లో రెండు కాలమ్స్ పెట్టుకోవాలి, కలిపేస్తే గందరగోళం.

ఇప్పుడు అసలైన పని, ఎవరి కోసం జనం వచ్చారో విడదీయడం. ఇద్దరు స్టార్లు తలపడిన ఫైట్ తీసుకుని ఒకరి ఖాతాలో వేసేయడం అందరూ చేసే పనే. సినిమాలో కూడా ఇద్దరు పెద్ద హీరోలు కలిసి చేస్తే ఓపెనింగ్స్ ఎవరివో చెప్పలేం, ఒంటరిగా, మామూలు డేట్‌లో, పేరులేని దర్శకుడితో వచ్చినప్పుడే తెలుస్తుంది. బాక్సింగ్‌లో ఆ మామూలు డేట్ అంటే పెద్దగా పేరులేని ప్రత్యర్థితో జరిగిన ఫైట్. మేవెదర్‌నే తీసుకోండి. 2006 నవంబర్‌లో బాల్డోమిర్‌తో ఫైట్‌కి పీపీవీ అమ్మకాలు మూడు లక్షల చిల్లర. ఆర్నెల్లకి 2007 మేలో ఆస్కార్ డి లా హోయాతో అయితే 24 లక్షలు. ఆర్నెల్లలో ఏడు రెట్లకి పైగా ఎవరూ పెరగరు, ఆ జనం డి లా హోయా జనం. కానీ ఆ రాత్రి తర్వాత వాళ్ళలో చాలామంది మేవెదర్ ఓడిపోతే చూద్దామనో ఇంకెందుకో అతనితోనే ఉండిపోయారు, అదీ ఆయన తెలివి. మళ్ళీ 2015 సెప్టెంబర్‌లో బెర్టోతో ఫైట్‌కి 4 లక్షలే అన్నవాళ్ళున్నారు, ఇంకా ఎక్కువే అన్నవాళ్ళున్నారు, ఎలా చూసినా నాలుగు నెలల కిందటి 46 లక్షలకి పొంతనే లేదు. అందుకే మీ లెక్కలో సూపర్ ఫైట్లు పక్కన పెట్టి ఆ దేశంలో అతని మామూలు ఫైట్లు రెండు మూడు తీసుకోండి, వాటిల్లో తక్కువ వచ్చిందే అతని సొంత బలం.

తారీఖు కూడా చూడాలి. కనేలో ఫైట్లు ఎక్కువగా సింకో డి మాయో (మే నెలలో వచ్చే మెక్సికన్ల పండగ) వారాంతంలోనో, సెప్టెంబర్‌లో మెక్సికో స్వాతంత్ర్య దినం వారాంతంలోనో ఉంటాయి. ప్యూర్టో రికో బాక్సర్ మిగెల్ కోట్టో అయితే న్యూయార్క్‌లో ప్యూర్టో రికన్ పరేడ్‌కి ముందు రోజు రాత్రి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చాలాసార్లు చేశాడు. పండగకి ఊళ్ళో ఎలాగూ జనం ఉంటారు కదా, కొంత క్రెడిట్ క్యాలెండర్‌కి పోవాలి. అయితే కనేలో 2013 ఏప్రిల్‌లో, ఆ రెండు వారాంతాలూ కాని రోజుల్లో, శాన్ ఆంటోనియోలో ట్రౌట్‌తో ఫైట్‌కి 40 వేలకి దగ్గరగా జనాన్ని రప్పించాడు, అప్పటికి అతనికి 22 ఏళ్ళు, కాబట్టి అతని విషయంలో నాకు అనుమానం లేదు.

వలస వెళ్ళిన జనాన్ని మర్చిపోవద్దు. పోలండ్ బాక్సర్ ఆడమెక్ అమెరికాలో నెవార్క్‌లో వరసగా ఫైట్లు చేసుకుంటూ పోయాడు, చుట్టుపక్కల ఉన్న పోలిష్ వాళ్ళే టికెట్లు కొనేవాళ్ళు. దాన్ని అమెరికాలో గిరాకీ అని రాస్తే తప్పు, నెవార్క్‌లో గిరాకీ అని రాయాలి.

నాకు బాగా నచ్చిన చిట్కా ఒకటి, గడియారం చూడటం. ఫైట్ జరిగే ఊళ్ళో టైమ్ వింతగా ఉందంటే, అక్కడి జనం కోసం కాదు, డబ్బు కట్టే దేశం కోసం పెట్టారని అర్థం. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ, ఫోర్‌మాన్ ఫైట్ తెల్లవారుజామున 4కి. 2005లో మాంచెస్టర్‌లో బ్రిటిష్ బాక్సర్ రికీ హాటన్, కోస్త్యా జూ ఫైట్ రాత్రి 2 గంటలకి, అయినా 20 వేల పైగా జనం కూర్చుని చూశారు. 2017లో బ్రిస్బేన్‌లో పకియావో, జెఫ్ హార్న్ ఫైట్ ఆదివారం పట్టపగలు, 51 వేల మంది. ఈ మూడిట్లోనూ గడియారం అమెరికాది. అదే వెంబ్లీలో 2017 ఏప్రిల్‌లో జాషువా, క్లిచ్కో ఫైట్ 90 వేల మందితో రాత్రి పది తర్వాత మొదలైంది, అంటే అమెరికాలో మధ్యాహ్నం, వాళ్ళ కోసం వీళ్ళు ఆగలేదు. సొంత దేశం టైమ్‌కి ఫైట్ పెట్టించుకోగలిగినవాడే సొంత మార్కెట్ ఉన్నవాడు.

సైట్ ఫీజు, అంటే ఫైట్ మా దగ్గరే పెట్టమని అక్కడివాళ్ళు కట్టే డబ్బు, ఇచ్చిన ఫైట్లలో మాత్రం ఈ పద్ధతులన్నీ దెబ్బతింటాయి. కిన్షాసాలో అక్కడి పాలకుడు మొబుటు ప్రభుత్వం పెట్టుబడి పెడితే అలీకి, ఫోర్‌మాన్‌కి చెరో 50 లక్షల డాలర్లు దక్కాయి, టికెట్లతో దానికి సంబంధం లేదు. ఇప్పుడు సౌదీలోనూ అంతే, 2019 డిసెంబర్‌లో దిరియాలో జాషువా, రూయిజ్ రీమ్యాచ్ నుంచి 2024 మేలో రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ ఫైట్ దాకా. ఆ పర్సులు ఎంత పెద్దవైనా జనం జేబులోంచి రాలేదు, వాటిని డ్రా లెక్కలో అసలు వేయకండి. స్ట్రీమింగ్ కూడా దాదాపు అదే తలనొప్పి, 2024 నవంబర్‌లో జేక్ పాల్, టైసన్ ఫైట్‌కి ప్రపంచమంతా కలిపి 10.8 కోట్ల మంది అని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది, కానీ సబ్‌స్క్రిప్షన్ ఉన్నోడు అదనంగా రూపాయి కట్టలేదు. అలాంటప్పుడు గేట్‌కే రండి, టెక్సస్‌లో ఆ రాత్రి 72 వేల మంది, సుమారు 1.8 కోట్ల డాలర్లు, అది నిజంగా ఖర్చుపెట్టిన డబ్బు.

చివరిగా ఓటమి తర్వాత ఏమైందో చూడండి. గెలుస్తున్నన్నాళ్ళు ఎవరికైనా జనం వస్తారు. 2012 డిసెంబర్‌లో మార్కెజ్ చేతిలో నాకౌట్ అయిన పకియావోకి ఆ ఫైట్‌లో 11 లక్షల పైగా అమ్మకాలు, మరుసటి ఏడాది మకావ్‌లో రియోస్‌తో అయితే 5 లక్షల లోపే. ఓటమి ఒక కారణం, ప్రత్యర్థి ఒక కారణం, అమెరికా నుంచి దూరంగా పెట్టడం ఇంకో కారణం, ఇందులో ఏది ఎంతో విడదీయడం కష్టం కాబట్టి ఇలాంటి ఒక్క ఫైట్ పట్టుకుని తీర్పు చెప్పొద్దు. హాటన్ కేసు మాత్రం స్పష్టంగా ఉంటుంది. 2009లో పకియావో రెండో రౌండ్‌లో పడగొట్టాక మూడేళ్ళకి పైగా రింగ్ ఎక్కలేదు, 2012 నవంబర్‌లో మాంచెస్టర్‌లో తిరిగొస్తున్నానంటే ప్రత్యర్థి ఎవరో ప్రకటించకముందే టికెట్లన్నీ అయిపోయాయి. ఆ ప్రత్యర్థి సెంచెంకో తొమ్మిదో రౌండ్‌లో బాడీ షాట్‌తో హాటన్‌ని పడేశాడు, అది వేరే సంగతి.