జీవితకథకు స్క్రీన్‌ప్లే – 4వ పాఠం: వాంగ్మూలం గది

3వ పాఠంలో చెప్పినట్టు 40 సంఘటనలు 40 కార్డుల మీద రాసుకుని ఉంటారు. వాటిని పుట్టిన తేదీ నుంచి వరసగా పేర్చి ఉంటే మళ్లీ కలిపేయండి. తేదీల వరసలో ‘తర్వాత ఏమైంది’ ఉంటుంది గానీ ‘ఎందుకలా చేశావు’ ఉండదు. ఆ రెండో ప్రశ్న అడిగేవాడు కథలోనే ఉండాలి. వాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే ఈసారి పని.

నమూనాగా ‘ది సోషల్ నెట్‌వర్క్’ (2010) తీసుకుందాం. ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జుకర్‌బర్గ్ కథకు ఆరన్ సోర్కిన్ స్క్రీన్‌ప్లే రాస్తే డేవిడ్ ఫించర్ తీశాడు. తమ ఆలోచన కాజేశాడని వింకిల్‌వాస్ కవలల దావా ఒకటి, కొత్త షేర్లు పుట్టించి కంపెనీలో తన వాటా శాతాన్ని కరిగించేశాడని స్నేహితుడు ఎడ్వార్డో సావెరిన్ దావా ఇంకొకటి. అమెరికాలో విచారణకు ముందు, ఎక్కువగా లాయర్ల ఆఫీసులోనే, ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకుంటారు. దాన్నే డిపోజిషన్ అంటారు. ఈ సినిమాలో అది పొడుగాటి బల్ల ఉన్న గది. జడ్జి లేడు, బోను లేదు. గొడవపడ్డవాళ్లు మాత్రం ఎదురెదురుగా కూర్చున్నారు. మన ‘మహానటి’లోనూ అడిగే మనిషి ఉంది, జర్నలిస్టు మధురవాణి. ఆమెది వెతుకులాట, ఇక్కడిది తగాదా. వివాదాస్పదుడి కథకు తగాదాయే నయం.

ఇప్పుడు కార్డులకు మూడు రంగులు ఇవ్వండి. గతానికి తెలుపు, మొదటి దావా గదికి పసుపు, రెండో గదికి నీలం. కట్టలో పైకార్డు తెల్లదే కావాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. హీరోని గదిలో కూర్చోబెట్టి, కిటికీ వైపు చూపించి, ఫ్లాష్‌బ్యాక్ వేసేస్తారు. అప్పుడు గతమంతా ముగిసిపోయిన వ్యవహారంలా కనిపించి చప్పబడిపోతుంది. ఈ సినిమా మొదలయ్యేది 2003లో, ఒక బార్లో. ప్రేమించిన అమ్మాయి మార్క్‌ని వదిలేసి పోతుంది. దాదాపు 5 నిమిషాల సంభాషణ, దానికి ఫించర్ తీసుకున్న టేకులు 99. ఆ కోపంలో అతను, కాలేజీ అమ్మాయిల ఫోటోలు పక్కపక్కన పెట్టి ఎవరు బాగున్నారో ఓట్లు వేయించే ఫేస్‌మ్యాష్ సైటు తయారుచేసే రాత్రి కూడా గడిచాకే గది వస్తుంది. దాంతో చూసేవాడికి కాలేజీ రోజులే వర్తమానం, గది భవిష్యత్తు. స్నేహితులైన మార్క్, ఎడ్వార్డో బల్లకు చెరోవైపు ఎలా చేరారన్న గుబులు అక్కణ్నుంచి చివరిదాకా లాగుతుంది.

పసుపు, నీలం కార్డులు ఒక్కొక్కటీ తీసి, అది ఏం పని చేస్తోందో వెనక రాయండి. చూసినదాన్ని కాదనాలి, లేదా దాటేయాలి, లేదా లెక్క తేల్చాలి. ఇప్పుడే చూసినదాన్ని మళ్లీ చెప్పే కార్డయితే చించేయండి. గది సీను ముప్పాతిక పేజీ దాటితే అనుమానించండి.

దాటేయడం ఎలాగో చూడాలంటే వాన సీను చూడండి. కవలల లాయరు ప్రశ్న వేస్తుంటే మార్క్ కిటికీలోకి చూసి, వాన మొదలైందంటాడు. నా మీద ధ్యాస ఉందా అని లాయరు నిలదీస్తే లేదంటాడు. అతని పొగరు గురించి ఎవరూ ఒక్క మాట చెప్పనక్కర్లేదు.

లెక్క తేల్చడం ఇంకా కష్టం. షేర్లు కరిగించడమంటే ఏమిటో సగటు ప్రేక్షకుడికి తెలీదు. వివరించబోతే సీను పాఠమైపోతుంది. సోర్కిన్ ఏం చేశాడంటే, ఎడ్వార్డోని అతని లాయరు చేత ఒకే ప్రశ్న, కంపెనీలో వాటా ఉన్నవాళ్ల పేర్లు మార్చి మార్చి అడిగించాడు. జుకర్‌బర్గ్ వాటా ఎంతకు తగ్గింది? తగ్గలేదు. మాస్కోవిట్జ్‌ది? తగ్గలేదు. షాన్ పార్కర్‌ది? పీటర్ థీల్‌ది? అదే జవాబు. మరి మీది? 0.03 శాతం. అర్థశాస్త్రం ఒక్క ముక్క చెప్పలేదు, మోసపోయినవాడి లెక్క మాత్రం థియేటర్లో అందరికీ తెలిసిపోయింది. మీ కథలో సాంకేతికమైన చిక్కు ఉంటే ఈ పద్ధతే వాడండి. మూడు నాలుగుసార్లు ఒకే జవాబు, ఆఖర్న వేరే జవాబు. రెండుసార్లయితే లయ పట్టదు, ఆరయితే ప్రేక్షకుడే ముందు చెప్పేస్తాడు.

కార్డు మూలన ఇంకో గుర్తు: ‘రికార్డు’, ‘ఒక పక్షం మాట’, ‘కల్పన’. ఈ సినిమాలో బార్లో అమ్మాయి పేరు కల్పితం. తన ఉద్దేశాలను సినిమా తప్పుగా చూపించిందన్న జుకర్‌బర్గ్, బట్టలు మాత్రం సరిగ్గా కుదిరాయన్నాడు. నవ్వొచ్చినా అందులో మనకో లెక్క ఉంది: వస్తువులు రికార్డు నుంచి తెచ్చుకోవచ్చు, ఉద్దేశాన్ని మనమే కట్టాలి. అందుకే దాన్ని ఎవరో ఒకరి నోట పెట్టండి, సినిమా నోట పెట్టకండి.

పేజీకి నిమిషమన్న లెక్కను గుడ్డిగా నమ్మొద్దు. ఈ స్క్రిప్టు 162 పేజీలు, సినిమా 2 గంటలే. మాటలు అంత వేగంగా పరిగెత్తుతాయి. రాసినదాన్ని ఫోన్లో టైమర్ పెట్టుకుని పైకి చదవండి, అదే మీ నిడివి.

అభ్యాసం: 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ బోర్డుకు ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖను గదిగా వాడి 12 కార్డులు పేర్చండి. లేఖతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, మాట్లాడేది ఒక్కడే. వాయిస్ ఓవర్ పెట్టి గడిపేయాలనిపిస్తుంది, పెట్టకండి. ఆ లేఖ చదివే మనిషిని ఒకణ్ని గదిలోకి తెచ్చి, ప్రతి పేరాకూ ఒక ప్రశ్న వేయించండి. లేఖలోని పులి మీద స్వారీ మాటతో మాత్రం మొదలుపెట్టొద్దు, పదిమందిలో తొమ్మిదిమంది అక్కడే మొదలుపెడతారు. 5వ పాఠంలో ఈ 12 కార్డుల్లో మూడింటిని సీన్లుగా రాద్దాం. గది కార్డులు 5కి మించకుండా చూసుకోండి.