వారానికో ఎముకల గోలీ: పడకపోయినా, పనిచేయకపోయినా ముందు చూడాల్సినవి

ఎముకలు గుల్లబారాయని డాక్టర్లు రాసే మందుల్లో మా మందుల షాపు నుంచి ఎక్కువగా వెళ్లేది అలెండ్రోనేట్ 70 మి.గ్రా. వారానికి ఒక్కటే. కౌంటర్ దగ్గర దీని గురించి ఎప్పుడూ వినే మాటలు రెండు: "ఇది మాకు పడట్లేదండీ", "ఏడాది వాడినా స్కాన్‌లో ఏం మారలేదండీ". రెండిటికీ మందు మార్పించుకోవాలనే చూస్తారు. చాలాసార్లు తప్పు వేసుకునే తీరులోనే దొరుకుతుంది.

మిగతా ఏది చూసినా చూడకపోయినా ముందు స్ట్రిప్ తీసి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయని పని ఇదే. నాలుగు గోలీలంటే నాలుగు వారాలు. బిల్లు మీద తేదీ నుంచి లెక్కేయండి. గోలీలు మిగిలాయంటే వారాలు తప్పాయి. ముందే అయిపోయాయంటే వారానికి ఒకటి కంటే ఎక్కువ వేసేసుకుంటున్నారు, అది ప్రమాదం. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. విటమిన్ డి 60,000 యూనిట్లది కూడా వారానికొకటే రాస్తారు కాబట్టి పెద్దవాళ్లు ఈ రెండిటి మధ్య తికమక పడతారు. వారంలో ఒక రోజు ఖాయం చేసి, వేసుకున్న వెంటనే క్యాలెండర్‌లో టిక్కు పెట్టించండి.

గుండెల్లో మంట, మింగితే నొప్పి

గోలీ కడుపులోకి జారకుండా అన్నవాహికకు అతుక్కుంటే అక్కడి పొర పుండు పడుతుంది. రెండు గుక్కల నీళ్లతో మింగేయడం, మింగాక "కాసేపు నడుం వాల్చడం", దాదాపు ఈ రెండిట్లోనే కారణం ఉంటుంది. నిండు గ్లాసు మామూలు నీళ్లు, అంటే 200 మి.లీ. వరకూ తాగాలి. గోలీని నమలకూడదు, చప్పరించకూడదు. తర్వాత అరగంట కూర్చోండి, నిలబడండి, నడవండి, పడుకోవడం మాత్రం వద్దు. వాకిట్లో వంగి ముగ్గు వేయడం కూడా ఆ అరగంట అయ్యాకే.

మంట, మింగడంలో నొప్పి ఇప్పటికే మొదలైతే తర్వాతి గోలీ వేసుకోకుండా డాక్టరుతో మాట్లాడండి. గ్యాస్ టాబ్లెట్ వేసుకుని సర్దుకుపోకండి. ఛాతీ నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే అది గోలీ వల్లేనని ఇంట్లో కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లు, మింగడం ముందు నుంచే కష్టంగా ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అందరికీ ఈ గోలీయే కుదరాలని లేదు, వేరే మందులున్నాయి.

అన్నీ సరిగ్గానే వేసుకుంటున్నారు, స్కాన్ మాత్రం మారట్లేదు

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మా మేనత్తకు డెక్సా స్కాన్‌లో (ఎముక సాంద్రత కొలిచే స్కాన్) టి-స్కోర్ అనే అంకె మైనస్ 2.5 కంటే కిందికి, అంటే ఎముకలు గుల్లబారిన స్థాయికి వచ్చాక ఈ మందు మొదలుపెట్టారు. గోలీలు ఇచ్చేది నేనే. ప్రతి నెలా అడిగేవాణ్ణి, "అత్తా, పరగడుపునే వేసుకుంటున్నావు కదా?" అని. "పరగడుపునే నాన్నా" అనేది. ఏడాదిన్నర తర్వాత మళ్లీ స్కాన్ తీస్తే అంకె ఇంకా దిగింది.

ఆ సంక్రాంతికి వాళ్లింట్లో ఉండిపోయాను. ఆదివారం పొద్దున ఆరింటికి వంటింట్లోకి వెళ్తే స్టవ్ పక్కన స్ట్రిప్, దాని పక్కన స్టీలు గ్లాసులో పొగలు కక్కుతున్న కాఫీ. అత్త గోలీని నాలుక మీద వేసుకుంది, గ్లాసు అంచు మీద రెండుసార్లు ఊదింది, ఒక గుక్కతో మింగేసింది. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది. ఇదేంటత్తా అంటే, "పరగడుపునే కదరా, ఇంకా టిఫిన్ తినలేదు" అంది.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన ఇళ్లలో కాఫీ తిండి కిందికి రాదు. ఉపవాసం నాడు కూడా తాగుతాం. పరగడుపు అనే మాట నాకు ఒకలా అర్థమైంది, ఆవిడకు ఇంకోలా అర్థమైంది. ఆ తేడాలో ఏడాదిన్నర మందు వృథా అయింది.

కాల్షియాన్ని పట్టుకోవడం ఈ మందు గుణం. ఎముకకు అతుక్కునేది కూడా ఆ గుణంతోనే. కడుపులో పాలు ఎదురైతే వాటిలోని కాల్షియాన్ని అక్కడే పట్టుకుని, రక్తంలోకి వెళ్లకుండా ఉండిపోతుంది. అన్నీ పద్ధతిగా చేసినా 70 మి.గ్రా.లో ఒంటికి పట్టేది అర మిల్లీగ్రాము కూడా ఉండదు. కాఫీతో గానీ నారింజ రసంతో గానీ వేసుకుంటే ఆ కాస్తలోనూ 60 శాతం దాకా పోతుంది. టిఫిన్‌తో పాటు వేసుకున్నా, తిన్న రెండు గంటల్లోపు వేసుకున్నా ఒంటికి పట్టేది దాదాపు సున్నా.

అందుకే ఇప్పుడు "పరగడుపునేనా?" అని అడగడం మానేశాను. "నిద్ర లేచాక నోట్లోకి వెళ్లినవన్నీ వరసగా చెప్పండమ్మా" అంటాను. అప్పుడు బయటికొస్తాయి: తేనె నిమ్మకాయ నీళ్లు, రాత్రి నానబెట్టిన మెంతుల నీళ్లు, గ్యాస్ సిరప్ ఒక మూత, ఐరన్ గోలీ. ఎముకలకు మంచిదని రాగి జావతో వేసుకున్నవాళ్లూ ఉన్నారు. రాగులు నిజంగానే మంచివి. వంద గ్రాముల్లో మూడొందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, సరిగ్గా అందుకే ఆ అరగంట అవి దూరంగా ఉండాలి. గిన్నెలకు తెల్లగా పొర కట్టే బోరు నీళ్లు కూడా వద్దు, ఫిల్టర్ నీళ్లు తాగండి.

అత్తకు కుదిరిన మార్గం చిన్నది. స్ట్రిప్‌ను వంటింట్లోంచి తీసి మంచం పక్క బల్ల మీద పెట్టాను, శనివారం రాత్రే దాని పక్కన నీళ్ల గ్లాసు మూతపెట్టి ఉంచమన్నాను. లేవగానే గోలీ, నీళ్లు. అరగంట తర్వాతే వంటింటి గడప దాటడం. కాల్షియం గోలీ ఆపలేదు, మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చాం. తర్వాతి స్కాన్ అదే మెషీన్ మీద తీయించాం. ఎముక తగ్గడం ఆగింది, డాక్టరు అదే మందు కొనసాగించారు.

థైరాయిడ్ గోలీ కూడా పరగడుపునే కదా?

ఆ ఒక్క రోజు ఎముకల గోలీ ముందు. అరగంట తర్వాత థైరాయిడ్ గోలీ నీళ్లతో, ఇంకో అరగంటో గంటో ఆగి కాఫీ, టిఫిన్. మీ డాక్టరుతో ఒకసారి ఖాయం చేసుకోండి. థైరాయిడ్ గోలీకి, కాల్షియం గోలీకి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఆ వారం గోలీ మర్చిపోయారు

గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి వేసుకుని, మళ్లీ మీరు మామూలుగా వేసుకునే రోజుకు వచ్చేయండి. ఒకే రోజు రెండు వద్దు.

మిగతావి

ఇదే జబ్బుకు ఏడాదికోసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. పారాసిటమాల్ ఎలా వేసుకోవాలో ముందే అడిగి ఉంచుకోండి. ఈ మందుల వల్ల దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముక విరగడం చాలా అరుదు, వాటికి భయపడి మందు ఆపేయకండి. పన్ను పీకించుకునే ముందు డెంటిస్టుకు ఈ మందు పేరు చెప్పండి. తొడలో, గజ్జల్లో కారణం లేకుండా నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పండి, అంతే.

ఎముకలకే ఇచ్చే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లకు మాత్రం తేదీయే ప్రాణం. అది ఆరు నెలలకొకటి. "వచ్చే నెల చూద్దాంలే" అని దాటేస్తే, లేదా బాగానే ఉన్నామని ఆపేస్తే, కూడిన ఎముక వేగంగా కరిగిపోయి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఇంజెక్షన్ వేయించుకున్న రోజే తర్వాతి తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టించండి.